పులి ఎవరి కొరకు?

చదువవలసిన వేదభాగములు: కీర్తనలు 104:19–24, యోబు 38:25–41, 2 సమూయేలు 12:1–6



పులిని చూచుటకై జీపులో అడవికి పోవుట ఈ దినములలో మన పల్లెల యౌవనులకు కూడ అలవాటగుచున్నది. శ్రీశైలము ఆనకట్టను చూడబోవువారు దోర్నాల దారిలో తుమ్మలబైలు వద్ద జీపు ఎక్కుచున్నారు. హైదరాబాదు దారిన వచ్చువారు మన్ననూరు దాటి ఫరహాబాదు వద్ద ఎక్కుచున్నారు. “ఇట్టి వినోదమునకు రూకలు వ్యయపరచుట విశ్వాసులకు తగునా?” అని కొందరు పెద్దలు అడుగుచున్నారు. “దేవుడు చేసినదానిని చూచుటలో తప్పేమున్నది?” అని పిల్లలు అడుగుచున్నారు.

ఇద్దరి ప్రశ్నయు న్యాయమైనదే. అయితే ఈ రెండు ప్రశ్నల వెనుక మరియొక ప్రశ్న ఉన్నది. అసలు పులి ఎవరి కొరకు ఉన్నది? దీనికి మనము ఇచ్చు జవాబునుబట్టి జీపులో మన నడవడియు, జీపు దిగి ఇంటికి వచ్చిన తరువాత మన నడవడియు ఏర్పడును. కాబట్టి పోవచ్చునా పోరాదా అను వాదమును కొంతసేపు ప్రక్కనుంచి, ఈ పెద్ద ప్రశ్ననే ఆలోచింతము.

ఈ ప్రయాణము ఎరుగనివారికి దాని సంగతి కొంత చెప్పవలెను. తెల్లవారుజామునగాని ప్రొద్దు వాలిన తరువాతగాని కొద్దిమందిని జీపులో ఎక్కించుకొని మట్టిదారిని మెల్లగా పోవుదురు. దిగరాదు, కేకలు వేయరాదు, తినుబండారములు విసరరాదు అని ముందుగానే చెప్పుదురు. దారి ఎరిగినవాడొకడు తోడుగా ఉండును. కొన్నిచోట్ల అతడు ఆ అడవిలోనే పుట్టి పెరిగిన చెంచు యువకుడు. అతడు మొదట నేలను చూచును. దుమ్ములో అడుగుజాడ పడినదా, దాని అంచులు ఇంకను చెదరకయున్నవా, చెట్టు మానుమీది గోళ్ల గీతలు క్రొత్తవా పాతవా అని చూచును. తరువాత చెవియొగ్గి వినును. పులి కదలినప్పుడు దానిని ముందుగా చూచునది మనము కాము. చెట్టుమీది కొండముచ్చు చూచి దగ్గినట్లు అరచును. దుప్పులు గట్టిగా కూయును. కణుజు కాలితో నేలను కొట్టి అరచును. అడవియంతయు ఒకరికొకరు చాటించుకొనును. మన చెవులు మాత్రమే ఆ భాషను ఎరుగవు.

ఇంతచేసినను పోయినవారిలో అధికులు పులిని చూడకయే తిరిగివచ్చెదరు. కాన్హా, రణతంభోరు వంటి ఉత్తరాది అడవులలో పులి కనబడినంత తరచుగా నల్లమలలో కనబడదు. ఒక పులి ఏడాదికి సుమారు 50 దుప్పులంత ఆహారము తినును. ఆ 50 తరిగినను మంద నిలుచుటకు దాని చుట్టును 500 దుప్పులవంటి జంతువులు మేయుచుండవలెను. అందుచేత ఒక్కొక్క పులికి ఎంతో విశాలమైన అడవి కావలెను. అంతటి అడవిలో రెండు గంటలు తిరిగిన జీపునకు అది ఎదురుపడుట అరుదు.

అప్పుడు జీపులో సణుగుడు పుట్టును. “ఇంత డబ్బు పోసినందుకు నెమళ్లను, దుప్పులను చూచి వచ్చితిమి” అందురు. డ్రైవరును నిందింతురు. ఈ సణుగుడును మనము పరీక్షింపవలెను, ఏలయనగా మన హృదయములోని తలంపు అక్కడనే బయటపడుచున్నది. సంతలో గొర్రెపిల్లను కొన్నవాడు దానిని ఇంటికి తోలుకొనివచ్చును. సినిమాకు టిక్కెట్టు కొన్నవానికి బొమ్మ చూపనియెడల రూకలు తిరిగి ఇయ్యవలెను. అడవి టిక్కెట్టు ఈ రెండింటివంటిది కాదు. దానితో మనము కొన్నది జీపులో చోటును, డ్రైవరు శ్రమను, వేచియుండుటకు అనుమతియును. పులి అమ్మకమునకు లేదు. ఆ దినమున అది ఆ దారికి వచ్చుటయు రాకుండుటయు దాని ఆకలినిబట్టియు, దప్పినిబట్టియు, పిల్లలనుబట్టియు ఉండును. మన టిక్కెట్టునుబట్టి ఉండదు. కాబట్టి పులిని చూడక తిరిగివచ్చినవానిని ఎవరును మోసపుచ్చలేదు.

104వ కీర్తనను శ్రద్ధగా చదివినయెడల ఈ సంగతి తేటపడును. దేవుడు చీకటి కలుగజేయగా రాత్రియగుననియు, అప్పుడు అడవి జంతువులు బయలుదేరి తమ ఆహారమును దేవునియొద్ద వెదకుకొనుననియు, సూర్యోదయమున అవి మరలి తమ గుహలలో పండుకొనుననియు, అప్పుడు మనుష్యుడు తన పనికి బయలుదేరి సాయంకాలమువరకు కష్టపడుననియు కీర్తనకారుడు చెప్పుచున్నాడు. ఒకే భూమి, రెండు వంతులు. పగటి వంతు మనది, రాత్రి వంతు వాటిది. మన ఎద్దులబండ్లవారు ఎరిగిన న్యాయమే ఇది. ఇరుకు దారిలో ఒక బండి ఆగి ఎదుటి బండికి దారి ఇయ్యవలెను. శ్రీశైలము పోవు అడవిదారిలో రాత్రి 9 గంటలకు గేటు వేసి తెల్లవారి 6 గంటలకు తీయుదురు. బస్సు తప్పిపోయి గేటు వద్ద చిక్కినవారు విసుగుకొందురు. అయితే కీర్తనకారుడు చెప్పిన వంతునే ఆ గేటు కాయుచున్నది.

ఆదికాండము మొదటి అధ్యాయమును కూడ చూడుడి. దేవుడు అడవి జంతువులను చేసి అది మంచిదని చూచినది 25వ వచనములో. మనుష్యుని చేయుదమను మాట 26వ వచనములో వచ్చుచున్నది. అనగా చూచుటకు మన కన్నులు ఇంకను లేనప్పుడే ఆ జంతువులు మంచివని దేవునిచేత చెప్పబడెను. మనము చూచి మెచ్చుకొనుటచేత పులి విలువగలది కాలేదు. యోబుతో దేవుడు మాటలాడినప్పుడును ఇదే సంగతి. మనుష్యుడు నివసింపని నేలమీద సహా వర్షము కురిపించువాడెవడని ఆయన అడుగుచున్నాడు. పంట వేయని నేలకు వానయెందుకు అని మన రైతు అడుగును. అక్కడి గడ్డి మొలచుటకు అని దేవుని జవాబు. తరువాత ఆడుసింహము కొరకు వేటాడి ఆహారము తెచ్చెదవా అని యోబును అడుగుచున్నాడు. మన కొరకు కానిది కూడ దేవుని కొరకు ఉండవచ్చునని యోబు నేర్చుకొనెను. అతడు సమస్తమును పోగొట్టుకొని బూడిదలో కూర్చున్న దినములలో ఈ పాఠమే అతనికి ఆదరణయైనదని మరువకుడి.

మనుష్యుడు భూమిని ఏలవలెనని వ్రాయబడలేదా అని ఎవరైన అడుగవచ్చును. వ్రాయబడినది. అయితే రెండవ అధ్యాయములో ఆ తోటను సేద్యపరచి కాచుటకు మనుష్యుడు దానిలో ఉంచబడెనని కూడ వ్రాయబడినది. ఏలుబడి అను మాటను మనుష్యులు ఎట్లు అర్థము చేసికొనిరో చరిత్ర చూపుచున్నది. 1911లో ఢిల్లీ దర్బారు ముగిసిన తరువాత అయిదవ జార్జి చక్రవర్తియు అతని పరివారమును నేపాళమునకు వేటకు పోయి పది దినములలో 39 పులులను చంపిరి. ఈ దేశపు రాజులును జమీందారులును ఆలాగే చేసిరి. మనవారు నేడు జీపు ఎక్కు ఫరహాబాదు ఒకప్పుడు హైదరాబాదు నిజాముల వేటస్థలము. చచ్చిన పులిమీద కాలుంచి నిలిచి తీయించుకొన్న చిత్రములు ఆనాటి గొప్ప. ఆ గొప్పకు ఫలమేమనగా, 1972లో అడుగుజాడలనుబట్టి లెక్కించినప్పుడు దేశమంతటిలో 1,827 పులులు మాత్రమే మిగిలెను. ఆ సంవత్సరమే వన్యప్రాణి రక్షణ చట్టము వచ్చెను. 1973 ఏప్రిలు 1న పులుల రక్షణ పథకము ఆరంభమాయెను. నల్లమల అడవి 1983లో ఆ పథకములో చేరెను. 2014లో రాష్ట్రము విభజింపబడిన తరువాత కృష్ణకు ఉత్తరమున నున్నది ఆమ్రాబాదు అను పేరను, దక్షిణమున నున్నది నాగార్జునసాగర్–శ్రీశైలము అను పేరను వేరైనవి.

ఇప్పుడు తుపాకి పోయి కెమెరా వచ్చినది. ఇది మేలైన మార్పే, సందేహము లేదు. చిత్రము తీయబడిన పులి మరునాడును బ్రదికియుండును. అయితే చేతిలోని వస్తువు మారినంతమాత్రమున హృదయము మారినదని చెప్పలేము. 2024 డిసెంబరు 31న మహారాష్ట్రలో నాగపూరునకు సమీపముననున్న ఉమ్రేడ్ పవనీ కర్హాండ్లా అభయారణ్యములో ఒక ఆడుపులి తన పిల్లలతో దారిమీదికి రాగా, యాత్రికుల జీపులు ముందును వెనుకను నిలిచి దాని దారిని అడ్డగించెను. సంవత్సరపు చివరి దినమున మంచి చిత్రము దొరకవలెనని ఆత్రము. ఆ సంగతి బయటపడగా నాగపూరులోని హైకోర్టు ధర్మాసనము తనంతట తానే విచారణకు తీసికొనెను. డ్రైవర్లమీదను దారి చూపువారిమీదను చర్య జరిగెను. అయితే వారు ఎవరి మెప్పు కొరకు అట్లు చేసిరి? జీపులో వెనుక కూర్చున్నవారు “ఇంకను దగ్గరకు, ఇంకను దగ్గరకు” అనకయుండినయెడల డ్రైవరు ఏల ముందుకు తోలును? నేత్రాశనుగూర్చి యోహాను తన మొదటి పత్రికలో హెచ్చరించెను. దానిని మనము పొరుగువాని పొలమునకును నగలకును మాత్రమే చెందినదిగా ఎంచుచున్నాము. చూపును కూడ దోచుకొనవచ్చును. తల్లికిని పిల్లలకును అడ్డముగా నిలిచి తీసికొన్న చూపు దోచుకొన్నదే.

పులులను నిలిపినవారు చూడబోయినవారు కారని కూడ మనము తెలిసికొనవలెను. రాజస్థానములోని సరిస్కాకు యాత్రికులు వచ్చుచునే యుండిరి. అయినను దొంగవేటగాండ్ర చేత అక్కడి పులులన్నియు నశించినవనియు, ఒక్కటియు మిగులలేదనియు 2005లో తేలెను. 2008లో రణతంభోరునుండి పులిని తెచ్చి అక్కడ మరల విడువవలసివచ్చెను. దేశమంతటిలో 2006లో 1,411గా అంచనా వేయబడిన పులులు 2022 నాటికి 3,682 అని అంచనాకు వచ్చినవి. ఇది వేసవిలో కొండలెక్కి దిగుచు, గుడిసెలలో పండుకొని, ఉచ్చులు ఏరివేయు కావలివారి కష్టఫలము. నల్లమలలో ఈ కావలివారిలో అనేకులు చెంచులు. చెట్లకు కట్టిన కెమెరాల చిత్రములలో పులి చారలను పోల్చి లెక్కింతురు, ఏలయనగా మన వ్రేలిముద్రలవలె ఏ రెండు పులుల చారలును ఒకటిగా ఉండవు. ఆ కెమెరాలను మోసికొనిపోయి కట్టువాడును ఇట్టి కావలివాడే.

ఇంతవరకు పట్టణమునుండి వచ్చువానితో మాటలాడితిమి. ఇక అడవి అంచున కాపురమున్న మన సంఘస్థులతో మాటలాడవలెను. వారికి పులి వింత కాదు, భయము. 2024 నవంబరులో కొమురం భీం ఆసిఫాబాదు జిల్లా కాగజ్‌నగర్ ప్రాంతమున ప్రత్తి ఏరుచున్న ఒక యువతిని పులి చంపెను. ప్రత్తి ఏరుటకు మన ఆడుబిడ్డలు ప్రతి సంవత్సరము పోవుచున్నారు. ఆ తల్లియెదుట నిలిచి పులి అందమునుగూర్చి మాటలాడగలవాడెవడు? మేపబోయిన ఆవు సాయంకాలము రాకపోయినయెడల పిల్లలకు పాలు లేవు, దున్నుటకు రాబోవు దూడ లేదు. నష్టపరిహారమునకు నియమమున్నది. అయితే కాగితములు వ్రాయించుకొనుట, అధికారి వచ్చి చూచుట, సొమ్ము చేతికి వచ్చుట, వీటికి పట్టు దినములను పేదవాడే ఎరుగును. అడవి నడుమనున్న చెంచుల పెంటలను బయటికి తరలింపవలెనను మాట పలుమార్లు వచ్చుచున్నది. వారి సమ్మతి లేక తరలింపరాదని చట్టము. అయినను తేనెయు దుంపలును ఎరిగినవానికి ఆ అడవి విడిచిన తరువాత ఏమి మిగులును అను ప్రశ్న తీరలేదు.

ఇక్కడ నాతాను ప్రవక్త దావీదుతో చెప్పిన ఉపమానము జ్ఞాపకమునకు వచ్చుచున్నది. ఐశ్వర్యవంతుని యింటికి మార్గస్థుడొకడు వచ్చెను. అతనికి విందు చేయుటకు ఐశ్వర్యవంతుడు తన మందలను ముట్టక, దరిద్రుని ఒక్క గొర్రెపిల్లను పట్టుకొనెను. దూరమునుండి వచ్చిన మార్గస్థుడు సంతోషముగా భుజించెను. ఆ మాంసము ఎవరి యింటిదో అతడు అడిగెనా? వ్రాయబడలేదు. జీపు ఎక్కు మనము ఆ మార్గస్థులము. పులి దేశమంతటికిని ఘనత. 1973నుండి అది మన జాతీయ జంతువు. ఘనత అందరిదైనప్పుడు వెల ఒక్క పశువుల కాపరి చెల్లించుట న్యాయము కాదు. పులిని ప్రేమించుచున్నామని చెప్పి ఆ ఆవునుగూర్చి విచారింపనివాని ప్రేమ చౌక ప్రేమ.

అట్లయిన పులి లేకపోవుటయే మేలు కదా అని అడవి అంచునున్నవాడు అనవచ్చును. అతని మాట కోపింపదగినది కాదు. అయితే అతనితో కూడ మెల్లగా ఒక మాట చెప్పవలెను. పులి యున్నచోట అడవి నిలుచును. అడవి నిలిచినచోట వాగులు పారును. పంటను త్రొక్కు అడవిపందులను తినునది అదే. ఇవి మంచి కారణములే గాని వీటిమీదనే మనము నిలువలేము, ఏలయనగా లాభము తప్పిన దినమున పులిని విడిచిపెట్టుదుము. యోబునకు దేవుడు చెప్పినదే చివరి కారణము. అది ఆయనది. దానికి ఆహారము పెట్టువాడు ఆయన. మన పొలము చివర మన హక్కు ముగియుచున్నది, ఆయన హక్కు ముగియుట లేదు.

అయితే కాపరి ఆవును కూడ ఎరిగినవాడు ఆయనే. కాబట్టి ఒకదానిని కాచి మరియొకదానిని విడుచుట ఆయన చిత్తము కాదు. ఇది కష్టమైన లెక్క. పులి పక్షమున నిలిచి కాపరిని మరచుటయు, కాపరి పక్షమున నిలిచి పులిని చంపుటయు రెండును సుళువు. రెండింటి భారమును కలిసి మోయుట మాత్రమే కష్టము. సంఘము అనగా భారములు పంచుకొనువారి కూటము గనుక ఈ పని మనకు అప్పగింపబడినదని మేము నమ్ముచున్నాము.

కాబట్టి మూడు మాటలు విన్నవించుచున్నాము.

మొదటిది, చూడబోవువారికి. పోవచ్చును, సంతోషముగా పోవుడి. అయితే వేచియుండుటకు పోవుడి. డ్రైవరును తొందరపెట్టకుడి, పులిని దగ్గరగా చూపిన ఎక్కువ ఇత్తుమని ఆశ చూపకుడి. 2012లో సుప్రీము కోర్టు విచారణ తరువాత వచ్చిన నియమముల ప్రకారము అడవి నడిమి భాగములో ఐదవవంతుకు మించి యాత్రికులను పోనియ్యరాదు. మిగిలిన నాలుగు వంతులను చూడలేదని చింతింపకుడి. పులి కనబడనియెడల అడుగుజాడను చూపించి పిల్లలతో, “మనము రాకముందు ఇది ఈ దారిని పోయినది” అని చెప్పుడి. దారి చూపిన చెంచు సహోదరుని పేరడిగి తెలిసికొనుడి. అతనికి కృతజ్ఞత చెప్పి రండి.

రెండవది, అడవి అంచు పల్లెలవారికి. అడవిపందుల కొరకు చేను చుట్టు కరెంటు తీగ కట్టకుడి. ఆ తీగ పందిని, పులిని, రాత్రి నీరు కట్టబోయిన పొరుగువానిని ఎంచి చూడదు. దుప్పులకు ఉచ్చులు వేయకుడి. దుప్పి లేని పులి మీ దొడ్డికి వచ్చును. ఆవు చచ్చినయెడల కోపముతో కళేబరములో పురుగుల మందు కలుపకుడి. దానిని కదల్చక అటవీశాఖవారికి వర్తమానము పంపుడి.

మూడవది, సంఘమునకు. ఆవు పోయిన ఇంటికి పెద్దలు ఆ వారమే పోవలెను. చదువురాని కాపరికి అర్జీ వ్రాసిపెట్టుటకు చదువుకొన్న యౌవనుడొకడు ఉండవలెను. పరిహారము వచ్చువరకు ఆ పిల్లలకు పాలు కొనియిచ్చుట కానుకపెట్టెకు మించిన భారము కాదు. జీపు టిక్కెట్టునకు ఇచ్చు రూకలలో కొంత ఇందుకు ప్రత్యేకించినయెడల, అడవికి పోవుట తగునా అని అడిగిన పెద్దలు కూడ సంతోషించెదరని తలంచుచున్నాము.

మన ప్రభువు అరణ్యములో నలువది దినములున్నప్పుడు అడవి మృగములతో కూడ ఉండెనని మార్కు ఒక్క చిన్న మాటలో వ్రాసెను. ఆయన వాటిని వేటాడెనని గాని, అవి ఆయనకు హాని చేసెనని గాని వ్రాయలేదు. వాటి చోట ఆయన ఉండెను. ఆయన దగ్గర అవి ఉండెను. ఆ నెమ్మది మనకు ఇంకను పూర్తిగా రాలేదు. అది వచ్చువరకు మన వంతు మనము ఎరిగి, వాటి వంతు వాటికి విడిచి, నష్టపడినవాని ప్రక్కన నిలుతుము గాక. ఆమేన్.